ఫిక్స్‌డ్ టారిఫ్ గడువు ముగిసేటప్పుడు: బ్రిటన్ కరెంటు, గ్యాసు కంపెనీల ఆఫర్లపై సమీక్ష

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఇంటి కరెంటు, గ్యాసు కోసం ఫిక్స్‌డ్ టారిఫ్ (ఒప్పందం ముగిసేదాకా ధర మారని పథకం, వాడుకలో ‘ఫిక్స్’) తీసుకున్నవారికి, గడువు ఇంకా ఆరేడు వారాలు ఉందనగా కంపెనీ నుంచి ఒక నోటీసు వస్తుంది. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా ఇంటికి 2025–26 చలికాలంలో అలాంటి నోటీసే వచ్చింది. అందులో చూపిన రెన్యువల్ ఆఫరును, ఏమీ చేయకుండా ఊరుకుంటే వర్తించే డిఫాల్ట్ టారిఫ్‌ను, బయటి కంపెనీల ఫిక్స్‌లను, ట్రాకర్లను, అరగంటకొక ధర ఉండే టారిఫ్‌ను, వీటన్నిటినీ పక్కపక్కన చూపిస్తామనే పోలిక సైట్లను పరిశీలించిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. వేరే కాలం పేర్కొన్నచోట తప్ప, ఇందులో చెప్పిన ధరలు 2026 జనవరి–మార్చి త్రైమాసికానివి. డైరెక్ట్ డెబిట్ (బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే జరిగే చెల్లింపు) ద్వారా చెల్లించేవారికి వర్తించే సగటు ధరలు. 5 శాతం వ్యాట్ వీటిలోనే కలిసి ఉంది. సరఫరా పరంగా దేశాన్ని 14 ప్రాంతాలుగా విభజించారు కాబట్టి ఊరిని బట్టి ఇవి కొంత అటూ ఇటూ అవుతాయి. ఉత్తర ఐర్లండ్ మార్కెట్ పూర్తిగా వేరు కనుక దాని జోలికి పోవడం లేదు.

కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఈ నోటీసు చూడగానే కలిగే మొదటి భయం, గడువులోగా ఏదో ఒకటి ఎంచుకోకపోతే కరెంటు ఆగిపోతుందేమోనని. ఆ భయానికి కారణం లేకపోలేదు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఇంటికి కరెంటు ఇచ్చేది ఆ ప్రాంతపు డిస్కం ఒక్కటే. యూనిట్‌కు ఎంత అనేది విద్యుత్ నియంత్రణ మండలి తేలుస్తుంది. వినియోగదారుడు ఎవరితోనూ ఏడాది ఒప్పందం చేసుకోడు, అది ముగిసేదీ ఉండదు. బ్రిటన్‌లో తీగలు ఒకరివి, బిల్లు వేసేది మరొకరు. ఒప్పందం ముగిసినా తీగల్లో కరెంటు, పైపుల్లో గ్యాసు యథావిధిగా వస్తూనే ఉంటాయి. మారేది ధర మాత్రమే. ఏ ఎంపికా చేయని ఇంటిని అదే కంపెనీ తన స్టాండర్డ్ వేరియబుల్ టారిఫ్‌లోకి మారుస్తుంది, ఆ టారిఫ్‌కు ప్రభుత్వ నియంత్రణ సంస్థ అయిన ఆఫ్‌జెమ్ విధించే ధరల పరిమితి వర్తిస్తుంది.

ఈ పరిమితి గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మిగతా ఆఫర్లన్నిటినీ తూచడానికి ఇదే తూకపురాయి. 2018లో చేసిన చట్టం ప్రకారం ఇది 2019 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మొదట్లో ఆరు నెలలకొకసారి మారేది, ఇప్పుడు మూడు నెలలకొకసారి మారుతోంది. 2026 జనవరి–మార్చి కాలానికి వార్తల్లో వినిపించిన 1,758 పౌండ్ల లాంటి సంఖ్యను చూసి, ఏడాదికి అంతకు మించి బిల్లు రాదని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అది నిజం కాదు. పరిమితి ఉన్నది యూనిట్ ధరకు, స్టాండింగ్ ఛార్జికి (వాడినా వాడకపోయినా రోజూ పడే స్థిర రుసుముకు) మాత్రమే. ఏడాదికి 2,700 యూనిట్ల కరెంటు, 11,500 యూనిట్ల గ్యాసు (ఇక్కడ గ్యాసును కూడా కరెంటులాగే కిలోవాట్-గంటల యూనిట్లలో లెక్కిస్తారు) వాడే ఇంటికి ఆ ధరలతో ఎంత వస్తుందో చెప్పే లెక్కే 1,758. ఎక్కువ వాడిన ఇంటికి ఎక్కువే వస్తుంది. అయితే మన దగ్గరి శ్లాబుల పద్ధతి ఇక్కడ లేదు: వాడకం పెరిగిందని యూనిట్ ధర పెరగదు.

పైకి కనిపించే ఆ ఒక్క సంఖ్య ఎంత దాచగలదో 2026 జనవరిలోనే తెలిసింది. 2025 అక్టోబరు–డిసెంబరులో 1,755 ఉన్నది జనవరిలో 1,758 అయింది. మూడు పౌండ్ల తేడాను ఎవరూ లెక్కచేయరు. కానీ లోపల కరెంటు యూనిట్ 26.35 పెన్స్ నుంచి 27.69కి పెరిగింది, గ్యాసు యూనిట్ 6.29 నుంచి 5.93కి తగ్గింది. గ్యాసు బాయిలర్ ఉన్న ఇంటికి ఒకటి పోయి ఒకటి వచ్చి సరిపోయింది. గ్యాసు కనెక్షనే లేని ఫ్లాట్లలో, గోడ హీటర్ల మీద చలికాలం నెట్టుకొచ్చేవారికి మాత్రం పెరుగుదల మొత్తం నెత్తిన పడింది. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు అద్దెకు ఉండే ఫ్లాట్లలో ఇలాంటివి తక్కువేమీ కాదు.

డిఫాల్ట్ టారిఫ్ మీద నా అభిప్రాయం, కంపెనీలు భయపెట్టేంత చెడ్డది కాదు, అలాగని ఏడాదంతా అందులోనే కూర్చోవాల్సినంత మంచిదీ కాదు. దీనికి ఎగ్జిట్ ఫీజు (గడువుకు ముందే వదిలి వెళ్తే కట్టాల్సిన రుసుము) ఉండదు, నచ్చని రోజున వెళ్లిపోవచ్చు. దీన్ని చిన్నచూపు చూడకూడదని 2021–22 సంక్షోభం నేర్పింది. అప్పుడు టోకు గ్యాసు ధరలు ఆకాశాన్నంటి చిన్నా పెద్దా సరఫరా కంపెనీలు వరుసగా మూతపడ్డాయి. వాటిలో పెద్దదైన బల్బ్ 2021 నవంబరులో ప్రత్యేక పాలన కిందికి వెళ్లింది, దాని ఖాతాదారులు చివరికి ఆక్టోపస్ అనే మరో సరఫరా కంపెనీ చేతికి వచ్చారు. 2022 అక్టోబరుకు ధరల పరిమితి 3,549 పౌండ్లకు చేరితే, ప్రభుత్వం కలగజేసుకుని సాధారణ వాడకం ఉన్న ఇంటికి 2,500 దగ్గర ఆపింది. ఆ రోజుల్లో ఫిక్స్ గడువు ముగిసినవారికి మార్కెట్‌లో తీసుకోదగ్గ కొత్త ఫిక్స్ దాదాపు కనిపించేది కాదు. డిఫాల్ట్‌లో ఉండిపోయినవారే గట్టెక్కారు. ఇంకా పెరుగుతుందన్న భయంతో ఎక్కువ ధరకు ఫిక్స్ చేసుకున్నవారు, 2023 జులైలో పరిమితి 2,074కి దిగివచ్చినప్పుడు ఎగ్జిట్ ఫీజు లెక్కలు వేసుకుంటూ కూర్చున్నారు.

ఇక రెన్యువల్ ఆఫరు. మాకు వచ్చిన నోటీసు ఎలా ఉందో చెబితే మిగతాది సులభంగా అర్థమవుతుంది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో నెలవారీ డైరెక్ట్ డెబిట్ మొత్తం, దాని కింద ‘ఒక్క క్లిక్‌తో కొనసాగండి’ అనే బటన్, ఆ పక్కన మా పాత టారిఫ్‌తో పోలిస్తే ఏమంత తేడా లేదన్నట్టు ఒక వాక్యం. యూనిట్ ధరలు, స్టాండింగ్ ఛార్జీలు రెండో పేజీలో చిన్న పట్టికలో ఉన్నాయి. నెలవారీ మొత్తాన్ని చూసి నిర్ణయం తీసుకోవడమంత పొరపాటు ఇంకొకటి లేదు, ఎందుకంటే అది ధర కాదు, కంపెనీ వేసుకున్న అంచనా. ఖాతాలో మన డబ్బు ఎంత నిల్వ ఉంది, ఏ నెల నుంచి లెక్క మొదలుపెట్టారు, వాడకం ఎంతని ఊహించారు అన్నవాటిని బట్టి అది ఎటైనా జరుగుతుంది. ఖాతాలో రెండువందల పౌండ్ల క్రెడిట్ ఉన్న ఇంటికి ఖరీదైన టారిఫ్‌ను కూడా చవకైన నెలసరి మొత్తంగా చూపించవచ్చు.

మా ఇంట్లో ఏడాదికి సుమారు 3,200 యూనిట్ల కరెంటు, 9,500 యూనిట్ల గ్యాసు ఖర్చవుతుంది. ఈ రెండు సంఖ్యలూ ఏడాది చివరి స్టేట్‌మెంట్‌లో గానీ, ఆన్‌లైన్ ఖాతాలో వాడకం చూపే చోట గానీ దొరుకుతాయి. 2026 జనవరి–మార్చి పరిమితి ధరల ప్రకారం, కరెంటుకు యూనిట్ 27.69 పెన్స్, రోజుకు స్టాండింగ్ ఛార్జి 54.75 పెన్స్ కలిపితే ఏడాదికి సుమారు 1,086 పౌండ్లు. గ్యాసుకు యూనిట్ 5.93, రోజుకు 35.09 చొప్పున సుమారు 691 పౌండ్లు; వెరసి 1,777. కంపెనీ ఇవ్వజూపిన రెన్యువల్‌లో కరెంటు యూనిట్ 27.2 పెన్స్, గ్యాసు 5.9. రెండూ పరిమితి కంటే తక్కువే కనుక పైకి లాభంగా కనిపించింది. కానీ స్టాండింగ్ ఛార్జీలు 60, 36 పెన్స్‌గా పెట్టారు. అన్నీ కలిపి లెక్క వేస్తే 1,781 వచ్చింది. అంటే ఏమీ చేయకుండా ఊరుకున్నదానికంటే నాలుగు పౌండ్లు ఎక్కువ, పైగా ఎగ్జిట్ ఫీజుతో ఏడాది కట్టుబాటు. పేరు బయటపెట్టనవసరం లేని ఆ కంపెనీ మీద నాకు కోపం లేదు. ధరల్లో అబద్ధం ఏమీ లేదు, అమరికలోనే ఉంది ఉన్నదంతా. ఉన్నచోటే ఉండిపోయే ఖాతాదారు కోసం తయారైన సరుకు అది. నేను చూసినవాటిలో డబ్బుకు తగ్గ విలువ అన్నిటికంటే తక్కువ దీనికే.

అదే వారంలో బయటి కంపెనీల ఫిక్స్‌లలో మా ఊరికి దొరికిన ఒక మంచి ధర, కరెంటు యూనిట్ 25.6, స్టాండింగ్ 58. గ్యాసు యూనిట్ 5.6, స్టాండింగ్ 34 పెన్స్. మా వాడకానికి ఏడాదికి 1,687 పౌండ్లు. పరిమితితో పోలిస్తే 90 పౌండ్లు తక్కువ, మా కంపెనీ రెన్యువల్‌తో పోలిస్తే 94 తక్కువ. మేము తీసుకున్నది ఇదే. ఏడాదిలో పరిమితి పెరిగితే మిగులు ఇంకా పెరుగుతుంది, బాగా తగ్గితే మిగులు కరిగిపోవచ్చు. ఫిక్స్ కొనడమంటే చవకదనం కొనడం కాదు, ధర మారకుండా ఉండే హామీ కొనడం. ఆ హామీతో పాటు కొంత చవకగా కూడా వస్తుంటే కాదనడం ఎందుకు అన్నదే మా ఆలోచన.

అయితే మాకు సరిపోయింది అందరికీ సరిపోతుందని చెప్పలేను, అందుకు కారణం స్టాండింగ్ ఛార్జీ. యూనిట్ ఒక్కటి కూడా కాల్చకపోయినా రోజూ పడే ఈ రుసుము మీద చాలామంది దృష్టి నిలవదు. ఒక టారిఫ్‌లో కరెంటు యూనిట్ 25.5 పెన్స్, స్టాండింగ్ 65 పెన్స్ ఉందనుకుందాం. యూనిట్ ధర పరిమితి కంటే రెండు పెన్స్‌కు పైగా తక్కువ. మా 3,200 యూనిట్లకు దీనివల్ల ఏడాదికి సుమారు 33 పౌండ్లు మిగులుతాయి. ఒంటరిగా ఉంటూ, పగలంతా ఆఫీసులో గడిపి, ఏడాదికి 1,500 యూనిట్లే వాడేవారికి అదే టారిఫ్ సుమారు 620 పౌండ్లు అవుతుంది; డిఫాల్ట్‌లో ఉంటే 615. అంటే ‘చవక’ టారిఫ్ వారికి నష్టం. స్టాండింగ్ ఛార్జీలో తేడా రోజుకు 10.25 పెన్స్, ఏడాదికి 37 పౌండ్ల పైచిలుకు. యూనిట్‌లో తేడా 2.19 పెన్స్, ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే దాదాపు 1,700 యూనిట్లు. వాడకం అంతకు మించితేనే ఆ టారిఫ్ పనికొస్తుంది. ఏ టారిఫ్‌కైనా ఈ ఒక్క భాగహారం చేసుకుంటే సగం తికమక తీరిపోతుంది.

ఎగ్జిట్ ఫీజు గురించి కంపెనీలు చెప్పకపోయినా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఫిక్స్ గడువు చివరి 49 రోజుల్లో వెళ్లిపోయే ఖాతాదారు నుంచి ఎగ్జిట్ ఫీజు వసూలు చేయకూడదు. కాబట్టి నోటీసు వచ్చిన రోజు నుంచే బయటికి వెళ్లే స్వేచ్ఛ ఉన్నట్టే లెక్క. గడువు తేదీ దాకా ఎదురుచూడనవసరం లేదు. పాత ధర కొత్త ధరల కంటే తక్కువగా ఉంటే మాత్రం తొందరపడి మారడం అనవసరం. చివరి రోజు దాకా పాత ధరనే అనుభవించి అప్పుడు మారాలి. మరో విషయం, తర్వాతి త్రైమాసికపు పరిమితిని ఆఫ్‌జెమ్ ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల చివర్లో ప్రకటిస్తుంది. ఆ 49 రోజుల్లో ఇలాంటి ప్రకటన ఒకటి పడే అవకాశం ఉంటే అది వచ్చేదాకా ఆగి చూడటం మంచిది. కార్న్‌వాల్ ఇన్‌సైట్ అనే సంస్థ ప్రకటనకు ముందే అంచనాలు వెలువరిస్తుంది. పత్రికల్లో వచ్చే ‘పెరగనున్న బిల్లులు’ వార్తలకు చాలావరకు ఆధారం అవే. చివరి వారంలో ఇచ్చే అంచనాలు అసలు ప్రకటనకు బాగా దగ్గరగా ఉంటాయి, ఏడాది ముందువి అంత నమ్మదగినవి కావు.

2026 మొదట్లో ఫిక్స్ తీసుకున్నవారు ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది. 2025 నవంబరు 26న ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో ఛాన్సలర్ (ఆర్థిక మంత్రి) రేచెల్ రీవ్స్, 2026 ఏప్రిల్ నుంచి ఇంటి బిల్లుల మీద సగటున 150 పౌండ్లు తగ్గేలా కొన్ని విధాన ఖర్చులను బిల్లుల నుంచి తొలగిస్తున్నట్టు ప్రకటించారు. అందులో పెద్ద వాటా పునరుత్పాదక విద్యుత్తుకు ఇచ్చే పాత రాయితీల భారాన్ని ప్రభుత్వ ఖజానాకు మళ్లించడం కనుక, తగ్గుదల ఎక్కువగా కరెంటు వైపే కనిపించాలి. పరిమితి మీద ఉన్నవారికి ఇది దానంతట అదే అందుతుంది. అంతకుముందు జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఫిక్స్ తీసుకున్నవారు, ఏప్రిల్ తగ్గింపు తమ యూనిట్ ధరలో కలిపారా లేదా అని కంపెనీని అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. చాట్‌లో అడిగి ఆ సంభాషణను దాచుకున్నా సరిపోతుంది.

ట్రాకర్ల విషయం తొందరగా ముగిస్తాను. ధరల పరిమితి ఎంత ఉంటే అంతకంటే కొంత తక్కువకు ఏడాది పాటు ఇస్తామనే టారిఫ్‌లు కొన్ని ఉన్నాయి. ఈఆన్ నెక్స్ట్ వారి ప్లెడ్జ్ ఆ కోవలోదే. పరిమితి తగ్గితే తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది, ఎటు చూసినా డిఫాల్ట్ కంటే మేలు. ధరల గురించి ఆలోచించే ఓపిక లేనివారికి, ఏటేటా ఇల్లు మారే అద్దెదారులకు ఇది సరైనది. స్థిరత్వం కావాలనుకునేవారికి కాదు.

ఆక్టోపస్ వారి అజైల్ మీద మన స్నేహితుల్లో ఆసక్తి బాగా ఉంది. టోకు మార్కెట్‌ను బట్టి అరగంటకొక ధర ఉంటుంది. మర్నాటి ధరలు ముందురోజు సాయంత్రం నాలుగు ప్రాంతంలో తెలుస్తాయి. స్మార్ట్ మీటర్ తప్పనిసరి. గాలి బాగా వీచే రాత్రుల్లో ధర సున్నాకు దిగువకు కూడా పోతుంది, గరిష్ఠంగా యూనిట్ ఒక పౌండు దాకా వెళ్లవచ్చు. చిక్కంతా సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు. పిల్లలు బడి నుంచి రావడం, ఇండక్షన్ పొయ్యి మీద వంట, అప్పుడే హీటర్లు వేయడం అన్నీ ఆ మూడు గంటల్లోనే. మన ఇళ్లలో వెట్ గ్రైండర్ కరెంటు తాగేస్తుందనే అపోహ ఒకటి ఉంది. 150 వాట్ల గ్రైండర్ అరగంట తిరిగితే రెండు పెన్స్. అసలు దోషి బాత్రూమ్‌లోని ఎలక్ట్రిక్ షవర్. 9 కిలోవాట్ల షవర్ కింద పది నిమిషాలు నిలబడితే ఒకటిన్నర యూనిట్, అంటే నలభై పెన్స్ పైమాటే. ఇంట్లో నలుగురు ఉంటే లెక్క మీరే వేసుకోండి. ఎలక్ట్రిక్ కారు, ఇంటి బ్యాటరీ ఉండి, బట్టల డ్రయ్యర్‌ను, డిష్‌వాషర్‌ను అర్ధరాత్రికి జరపగలిగినవారికి అజైల్ గానీ, రాత్రివేళ తక్కువ ధర ఇచ్చే కారు టారిఫ్‌లు గానీ ఫిక్స్‌ను సులభంగా ఓడిస్తాయి. తక్కినవారికి రోజూ ధరల పట్టిక చూసుకునే వేధింపు తప్ప పెద్దగా దక్కేది ఉండదని నా అంచనా.

పోలిక సైట్లలో యూస్విచ్‌ను, మనీ సేవింగ్ ఎక్స్‌పర్ట్ వారి చీప్ ఎనర్జీ క్లబ్‌ను మనవాళ్లు ఎక్కువగా వాడుతుంటారు. పోలిక సైట్లకు ఆదాయం కంపెనీలు ఇచ్చే కమిషన్ నుంచి వస్తుంది కాబట్టి, ఆ సైటు ద్వారా నేరుగా మారగలిగే టారిఫ్‌లను ముందు చూపించి, మిగతావి చూడాలంటే ఫిల్టర్ మార్చమనడం ఈ రంగంలో మామూలే. ఆ ఫిల్టర్‌ను వెతికి మార్చాలి. స్వచ్ఛంద సంస్థ అయిన సిటిజన్స్ అడ్వైస్ కంపెనీల సేవకు నక్షత్రాల రేటింగ్ ఇస్తుంది. ధర ఒకటే అయినప్పుడు నేను దాన్ని చూస్తాను. ఇంతకంటే ముఖ్యం, ‘ఏడాదికి ఇంత ఆదా’ అని చూపించే సంఖ్యను దేనితో పోల్చి చెబుతున్నారో చూడటం. ఫిక్స్ ఇంకా నెలో రెండు నెలలో ఉన్నప్పుడు కొన్ని లెక్కల్లో ఆ మిగిలిన నెలలను పాత ధరతోనూ, తర్వాతి నెలలను డిఫాల్ట్ ధరతోనూ కలిపేస్తారు. ఆ మిశ్రమంతో పోల్చిన ఆదా అసలు ఆదా కాదు. సైటు చెప్పిన ఆదాను పక్కనపెట్టి, నాలుగు ధరలను (కరెంటుకు, గ్యాసుకు యూనిట్ ధర, స్టాండింగ్ ఛార్జి) మాత్రం కాగితం మీద రాసుకుని సొంతంగా గుణించుకోవడం పది నిమిషాల పని. ఇంకా, వాడకాన్ని ఇంటి సైజును బట్టి ఊహించనివ్వకుండా మన యూనిట్లను మనమే నింపాలి. మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు అనగానే సైటు వేసే అంచనాకు మా వాడకానికి పొంతనే లేదు.

కంపెనీ మార్చే పని మాత్రం మెచ్చుకోదగ్గట్టుగా ఉంది. ఇంటికి ఎవరూ రారు, మీటరు మారదు, తవ్వకాలు ఉండవు. 2022 నుంచి అయిదు పనిదినాల్లో మార్పు పూర్తి కావాలన్న ఏర్పాటు ఉంది, ఒప్పుకున్న తర్వాత మనసు మారితే 14 రోజుల్లోగా వెనక్కి తీసుకోవచ్చు. తగాదా వస్తే అది ఎక్కువగా వచ్చేది మీటరు రీడింగు దగ్గర. మాకూ అదే జరిగింది. స్మార్ట్ మీటర్ రీడింగ్ ఆ రోజు అందలేదని పాత కంపెనీ ముగింపు గ్యాసు రీడింగును అంచనాగా వేసింది, అది మీటరు చూపించేదానికంటే ఎక్కువ. మారిన రోజు ఉదయమే రెండు మీటర్లకూ ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోవడం వల్ల రెండు కంపెనీలకూ ఒకే రీడింగు పంపగలిగాం, బిల్లు సరిచేశారు. ఫిర్యాదు ఎనిమిది వారాల్లో తేలకపోతే తగాదాలు తీర్చే స్వతంత్ర సంస్థ అయిన ఎనర్జీ ఆంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వెళ్లవచ్చు. మాకు అంతదాకా రాలేదు.

గ్యాసు మీటరులో కనిపించే అంకె యూనిట్లు కావన్నది కూడా ఇక్కడే చెప్పాలి. అది ఘనపు మీటర్లలో ఉంటుంది, దాన్ని 1.02264తో, తర్వాత బిల్లు మీద ముద్రించిన కెలోరిఫిక్ విలువతో (గ్యాసు ఇచ్చే వేడి కొలతతో) గుణించి 3.6తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. సాధారణంగా ఒక ఘనపు మీటరుకు పదకొండు యూనిట్ల పైచిలుకు. పాత ఇళ్లలో ఘనపు అడుగుల మీటర్లు ఇంకా ఉన్నాయి. వాటి రీడింగును ముందు 2.83తో గుణించాలి. కంపెనీ రికార్డులో మీటరు రకం తప్పుగా నమోదై ఉంటే బిల్లు దాదాపు మూడింతలు తేడా వస్తుంది, ఏ టారిఫ్ ఎంచుకున్నా ఆ తేడాను పూడ్చలేదు. కొత్త కంపెనీ మొదటి బిల్లులో ఈ ఒక్కటీ సరిచూసుకోవాలి.

అద్దె ఇళ్లలో ఉన్నవారికి తరచుగా వచ్చే సందేహం, కంపెనీని మార్చే హక్కు తమకుందా అని. బిల్లు మీ పేరు మీద వస్తూ మీరే కడుతుంటే ఉంది. మార్పు సంగతి ఇంటి యజమానికి తెలియజేయడం మర్యాద, ఒప్పందంలో షరతు ఉంటే చదువుకోవాలి. బిల్లులు అద్దెలోనే కలిసి ఉంటే ఆ అవకాశం లేదు. లండన్‌లోని కొత్త టవర్లలో వేడినీళ్లు, హీటింగు ఒక ఉమ్మడి ప్లాంటు నుంచి వస్తుంటే, ఆ హీట్ నెట్‌వర్క్ బిల్లుకు ఇంతవరకు చెప్పిన ధరల పరిమితి వర్తించదు, మార్చుకోవడానికి మరో సరఫరాదారూ ఉండడు. అలాంటి ఫ్లాట్‌లో ఈ లెక్కలన్నీ కరెంటు బిల్లుకే పరిమితం.

మారిన తర్వాత పాత ఖాతా గురించి మరచిపోకూడదు. చివరి బిల్లు ఆరు వారాల్లో రావాలి, అందులో మనకు రావలసిన క్రెడిట్ ఉంటే బిల్లు వచ్చాక పది పనిదినాల్లో వెనక్కి రావాలి. వేసవి చివర్లో మారేవారికి ఆ క్రెడిట్ పెద్ద మొత్తమే ఉంటుంది, ఎందుకంటే నెలనెలా ఒకే మొత్తం కడుతూ వేసవిలో తక్కువ వాడతాం. అందుకే చివరి బిల్లు వచ్చేదాకా బ్యాంకులో పాత డైరెక్ట్ డెబిట్‌ను రద్దు చేయకపోవడం మంచిది. కంపెనీ డబ్బు తిరిగి వేసేది సాధారణంగా ఆ ఖాతాలోకే. వీటికంటే ముందు, ఆన్‌లైన్ ఖాతా మూసేయకముందే పాత బిల్లులన్నిటినీ పీడీఎఫ్‌లుగా దించుకోవాలి. భాగస్వామి వీసా పొడిగింపుకో ఐఎల్‌ఆర్‌కో (శాశ్వత నివాస అనుమతికో) దరఖాస్తు చేసేటప్పుడు, భార్యాభర్తలిద్దరి పేర్ల మీద ఒకే చిరునామాకు వచ్చిన ఇలాంటి బిల్లులు కలిసి ఉంటున్నామనడానికి ఆధారాలుగా పనికొస్తాయి, కంపెనీ మారిన తర్వాత పాత లాగిన్ ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది ఆ కంపెనీ ఇష్టం. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఇద్దరి పేర్లూ ఇవ్వడానికి వీలుంది. ఫారంలో రెండో పేరు కోసం విడిగా అడగాల్సి ఉంటుంది, మేము ఫోన్ చేసి చేర్పించుకున్నాం.